ఒక్కగీత, రెండు జబ్బులు

ఆమెకి పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉంది. దాంతో ఆసుపత్రి వాళ్ళకి తప్ప ఎవరికీ పని పడలేదు. మా వీధికి ఆమె ఒక్కగీత.

అద్దాల కొట్టు వాళ్ళది. ముందు గదిలో గోడలకి ఆనించిన అద్దాలు, వెనక గదిలో దుప్పటి పరిచిన పెద్ద కోత బల్ల. ఆమె ఆ బల్ల దగ్గర నిలబడి, అద్దం మీద స్కేలు పెట్టి, కొనకి చిన్న చక్రమున్న కట్టర్‌తో ఒక్క గీత గీసేది. బల్ల అంచుకి జరిపి రెండు చేతులా నొక్కితే అద్దం టక్కున రెండయ్యేది. అంతే. గీసిన గీత మీద మళ్ళీ గీయకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠం. గీశారా, చక్రం మొద్దుబారుతుంది, అద్దం దాని ఇష్టమొచ్చిన దారిన పగులుతుంది. మొదటి గీతకి ధైర్యం చాలనివాళ్ళే రెండోది గీస్తారని వాళ్ళ నాన్న అనేవాడు. ఆయన్ని అందరూ పెద్దమేస్త్రీ అంటారు.

పెద్దమేస్త్రీ ముందు కొడుక్కే నేర్పబోయాడు. ఆమెకి తమ్ముడు. వాడి చేతిలో పడ్డ అద్దం పాపం ఎక్కువసేపు బతికేది కాదు. కానీ మాట తేనె. బేరానికొచ్చినవాడు కొనకుండా వెళ్ళాలంటే సిగ్గుపడేవాడు. అందుకని బయటి కొలతలు, బిగింపులు, బేరాలు తమ్ముడివి, కోత అక్కది. కొడుక్కి నోరు, కూతురికి చెయ్యి. పంపకం అక్కడితో ఆగినా బాగుండేది. అద్దం గురించి ఆమె ఏదైనా అందంటే అది అంతే. దీనికి పగులు వస్తుంది అంటే వచ్చేది. దీని మందం చాలదు అంటే తండ్రి కూడా తిరిగి కొలిచేవాడు కాదు. ఆమెకున్న ఆస్తి ఆ మాటొక్కటే.

ఒకరోజు కోసిన అద్దం మీద రక్తం కనబడింది. ఎవరిదా అని అందరి చేతులూ చూసి, చివరికి తన చెయ్యి చూసుకుంది. వేలు తెగినా తెలియలేదు. తర్వాత ఒక కన్ను ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టయింది. ఎడమకాలు ఒకోసారి తనది కాదన్నట్టు వెనకబడేది. పెద్దాసుపత్రిలో స్కాన్ తీశారు. మెదడులో తెల్ల మచ్చలు చూపించి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఒంటిని కాపలా కాయాల్సిన బలగమే పొరపడి నరాల మీది తొడుగుని కొరికేస్తుందట. వస్తుందట, తగ్గుతుందట, తగ్గేటప్పుడు ఎంతో కొంత పట్టుకుపోతుందట. ఇల్లరికం వచ్చిన మొగుడు స్కాన్ చూసి, కాస్త ఆలోచించుకుని వస్తానని వాళ్ళమ్మగారింటికి వెళ్ళాడు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు. అంత లోతైన మనిషని ఎవరూ అనుకోలేదు.

ఆమె ఏడవలేదని అనను, ఏడ్చింది. ఏడ్చి బల్ల దగ్గరికే వచ్చింది. వేళ్ళకి తెలియడం మానేసిన పనిని చెవులకి నేర్పింది. చక్రం నడుస్తుంటే అద్దం మీద సన్నటి చప్పుడు వస్తుంది. గీత సరిగా పడుతుంటే ఒకలా, తడబడితే ఇంకోలా. ఆ చప్పుడుతోనే కోసేది. ఇంజెక్షన్లు వేసుకునేది, కర్ర పట్టుకునేది, ఎవరైనా జాలిపడితే ఇంత పొడుగు అద్దం చూపించి ముందు మీ మొహం చూసుకోండి అనేది.

ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆ జబ్బు బాగా అలవాటైపోయింది. గోడకున్న కొక్కెంలా ఏది చేతికొస్తే అది దానికే తగిలించేవాళ్ళు. కాలు జారిందా, జబ్బు. టీ కప్పు పడేసిందా, జబ్బు. మరదలు చేసిన కూరలో ఉప్పెక్కువైందందా, అదీ జబ్బే.

అందుకే రెండోది వచ్చినప్పుడు ఎవరూ గుర్తుపట్టలేదు. మొదట నిద్ర పోయింది. తర్వాత కొట్టులో అద్దాలన్నీ గోడవైపు తిప్పేసింది. కొనడానికి వచ్చినవాళ్ళకి వీపులు కనబడేవి. అవి తనని చూసి నవ్వుతున్నాయంది. పెద్దమేస్త్రీ వాటిని మళ్ళీ ఇటు తిప్పితే, తమ్ముడు ఆమె గదికి గొళ్ళెం పెట్టించాడు.

ఒకనాడు మధ్యాహ్నం గొళ్ళెం వేయడం మరిచారు. కొట్టు మెట్ల మీద నిలబడి వీధంతటికీ వినబడేలా మూడు మాటలు చెప్పింది. మరదలు తన భోజనంలో గాజుపొడి కలుపుతోందని ఒకటి. కుర్చీలో కూర్చున్న ముసలాయన తన తండ్రి కాడు, తండ్రి మొహం తగిలించుకున్న ఎవడో అని రెండోది. తమ్ముడు పచ్చి అద్దానికి ముద్ర కొట్టి టఫెన్డ్ అని అమ్ముతున్నాడని మూడోది.

ఈ మూడోదాని సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. పచ్చి అద్దమంటే మామూలు అద్దం, పగిలితే కత్తులవుతుంది. టఫెన్డ్ అద్దాన్ని ముందే కొలతకి కోసి, ఫ్యాక్టరీ కొలిమిలో కాల్చి, ఒక్కసారిగా చల్లారుస్తారు. అది పగిలితే అటుకుల్లా రాలుతుంది తప్ప పీక కోయదు. మూలన చిన్న ముద్ర ఉంటుంది. ధర ఎక్కువ. కాల్చాక ఇక దాన్ని కోయడం ఎవరి తరమూ కాదు. కోయబోతే మొత్తం పొడైపోతుంది.

వీధి ఆ మూడు మాటలనీ ఒకే నవ్వుతో వినేసింది. మూడింట్లో ఒకటి నిజం. జబ్బు పడకముందు ఆమె కంట ఏం పడిందో, ఎన్నాళ్ళు మనసులో నలిగిందో నాకు తెలీదు. కానీ మురుగులో పడ్డ ఉంగరాన్ని ఎవరు వెతుకుతారు? తమ్ముడు నలుగురిలోకీ వచ్చి, అక్క భుజం చుట్టూ చెయ్యేసి, కళ్ళు తుడుచుకున్నాడు. వాడికి అంతకంటే మంచిరోజు ఇంకోటి రాలేదు.

పెద్దాసుపత్రిలో పాత డాక్టరు కొత్త స్కాన్ ఎత్తి చూశాడు. పాత మచ్చలున్నాయి, పక్కన ఇంకోటి చేరింది. జబ్బు బుర్రకెక్కిందన్నాడు. మూడురోజుల స్టెరాయిడ్ ఎక్కించాడు. కాస్త తగ్గినట్టే తగ్గి ఇంకా ముదిరింది. ఆ మందుకి కూడా ఒక్కొక్కరికి మతి చెదురుతుందన్నాడు. అంటే జబ్బు వల్ల కాకపోతే మందు వల్ల. మూడో దారి ఆయన చూడలేదు. చేతి కింది డాక్టరొకాయన వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి పంపిస్తే మంచిదేమో అని గొణిగాడు. సంతకం అడిగితే తమ్ముడు పెట్టనన్నాడు.

"పేరు పెట్టేశారు కదండీ. మా పనిలో గీసిన గీత మీద మళ్ళీ గీయం," అన్నాడు.

పెద్దమేస్త్రీ తలూపాడు. జీవితమంతా నమ్మిన పాఠం కదా, ఎక్కడ పడితే అక్కడ పనికొస్తుందనుకున్నాడు. పాత డాక్టరు కూడా అవసరమైతే తర్వాత చూద్దామన్నాడు. ముగ్గురూ కలిసి ఆమెని పిచ్చాసుపత్రికి పంపించారు.

అక్కడ మణికట్టులకి గుడ్డపట్టీలు వేసి మంచానికి కట్టారు. కొన్నాళ్ళకి మాట ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉండేవి, పిలిస్తే పలికేది కాదు. నోరు మాత్రం ఏదో నములుతున్నట్టు కదులుతూనే ఉండేది. కట్టేసిన కుడిచెయ్యి పట్టీ ఎంత సాగితే అంత మేర గాలిలో గీతలు గీసేది. చూడ్డానికొచ్చిన తమ్ముడు, మా అక్క ఇక్కడ కూడా పని మానలేదని పక్క మంచం వాళ్ళకి చెప్పి నవ్వించాడు. మరదలు ఆమె చెవుల దిద్దులు తీసి భద్రంగా ఉంటాయని తను పెట్టుకుంది.

ఆ వార్డుకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఆ నోటి కదలికని చూసి ఆగింది. అంతలో ఒక్కగీతకి ఫిట్స్ వచ్చాయి. డాక్టరమ్మ తమ్ముడి సంతకం కోసం చూడకుండా పెద్దాసుపత్రికి తిప్పి పంపి, తనూ వెంట వెళ్ళి దగ్గరుండి వెన్నునీరు తీయించింది. అందులో కనబడింది. ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్. ఆ దారితప్పిన బలగమే ఈసారి నరాల తొడుగుతో ఊరుకోక, మెదడు కణాలు ఒకదానికొకటి కబురందుకునే తలుపుల మీద పడిందట. మనిషికి అనుమానాలు, మాటపోవడం, ఫిట్స్ అన్నీ అందువల్లేనట. మొదటే పట్టుకుంటే ఇంతదూరం వచ్చేది కాదట.

ముందే ఒక జబ్బుంది కదా, మళ్ళీ ఇదేమిటని తమ్ముడు అడిగాడు.

"దొంగ పడ్డ ఇంటికి నిప్పంటుకోదని ఎవరైనా రాసిచ్చారా? రెండూ ఉన్నాయి. అరుదు. కానీ ఉన్నాయి," అంది డాక్టరమ్మ.

రక్తంలో నీటిభాగాన్ని మిషన్‌తో మార్చారు. బలగాన్ని నిద్రపుచ్చే మందు ఎక్కించారు. అది రెండు జబ్బులకీ పనికొచ్చేదే. చాలా నెమ్మదిగా తేరుకుంది. వార్డులో ఎవరో గాజుగ్లాసు జారవిడిస్తే, అన్నాళ్ళ మౌనం తర్వాత ఆమె నోట మొదటి మాట వచ్చింది. "చవకరకం," అంది. నర్సు పకపకా నవ్వి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. ఆ ఆసుపత్రిలో ఆమె మాటకి సంతోషించినవాళ్ళు వాళ్ళిద్దరే.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక మంచిమాట చెప్పింది. ఇది తిరగబెట్టవచ్చు, మళ్ళీ అనుమానాలు మొదలైతే ఆలస్యం చేయకుండా తీసుకురండి అంది. తమ్ముడు ఆ మాటని శ్రద్ధగా విన్నాడు. చదువుకునే రోజుల్లో ఏ పాఠమూ అంత శ్రద్ధగా విని ఉండడు.

ఆ నెలలేవీ ఆమెకి గుర్తులేవు. గుర్తుచేసే భారం మరదలు తీసుకుంది. కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, ఆ రోజు మెట్లెక్కి ఏమన్నావో తెలుసా వదినా అని, ఒక్కో మాటా చేతులు తిప్పి మరీ చెప్పింది. ఒక్కగీత తల పైకెత్తలేకపోయింది. ముందు మరదలికే క్షమాపణ చెప్పింది. తండ్రి కుర్చీ పక్కన కింద కూర్చుని, నిన్ను నాన్నవి కావన్నానట అంటూ ఏడ్చింది. ఆయన కూడా ఏడ్చాడు. అది నిజమైన ఏడుపే, అందులో నాకు అనుమానం లేదు. చివరికి తమ్ముడి దగ్గరికెళ్ళి, నిన్ను వీధిలో దొంగని చేశానట కదరా, మనసులో పెట్టుకోకు అంది.

"జబ్బు మాట్లాడిందిలే అక్కా, నువ్వు కాదుగా," అన్నాడు తమ్ముడు.

ఎంత గొప్ప మనసని వీధి మెచ్చుకుంది. చేయని తప్పుకి ఆమె క్షమాపణ చెప్పింది, తను చేసిన తప్పుకి వాడు క్షమించాడు. దొంగతనం చేసి దీవెనలు పుచ్చుకోవడమంటే ఇదే.

ఆమెకి బల్ల తిరిగి ఇచ్చారు కానీ చిన్న మొహం అద్దాలే ఇచ్చేవారు. అక్కని శ్రమపెట్టకూడదని తమ్ముడు నలుగురికీ చెప్పేవాడు. పెద్ద అద్దాలు గోడకి ఆనించి ఉండేవి. మూలన ముద్రతో వరసగా నిలబడ్డవి పిల్లల బడికి. ఆ బడిలో కొత్తగా కట్టిన మెట్లకి ఒకపక్క గోడ లేదు, దానిబదులు అద్దాలే అడ్డం. టఫెన్డ్ అద్దాలే కావాలని హెడ్‌మాస్టరమ్మ గట్టిగా చెప్పి వెళ్ళింది.

ఒకరోజు ఒక్కగీత ముక్కల డబ్బాలో చిన్న ముక్క కోసం వెతుకుతోంది. చేతికొక సన్నటి పట్టీ వచ్చింది. మందపాటి అద్దం. దాని మూలన ముద్ర ఉంది, కొంచెం పక్కనే ఇంకో ముద్ర, వంకరగా. ఎవరో ముద్ర పడుతుందా లేదా అని సరిచూసుకున్నట్టు. ఆమె ఆ పట్టీని వెలుతురు వైపు తిప్పింది. టఫెన్డ్ అద్దానికి ముక్కలు మిగలవు. కోతపడని వస్తువుకి ముక్క ఎక్కడినుంచి వస్తుంది?

అప్పుడు మొదట ఆమెకి భయమేసింది, తమ్ముడి గురించి కాదు. మళ్ళీ మొదలైందేమో అనుకుంది. కళ్ళు మూసుకుని తెరిచింది. ముద్ర అక్కడే ఉంది. వేలితో గీకింది. ఎవరినైనా పిలిచి, మీకూ కనబడుతోందా అని అడగాలనిపించింది. పిచ్చి తగ్గినవాళ్ళకి పిచ్చి అంత పని చేసిపెట్టి వెళ్తుంది.

ఒక్కటే దారి తోచింది. గోడకి ఆనించిన బడి అద్దాల్లో ఒకదాన్ని నానా తంటాలు పడి బల్ల మీదికి చేర్చింది. స్కేలు పెట్టింది. ముద్ర ఉన్న అద్దం మీద కట్టర్ పెట్టడం ఈ పనిలో తెలివున్నవాళ్ళెవరూ చేయరు. నిజంగా టఫెన్డ్ అయితే నొక్కగానే పొడైపోతుంది, తనకి మళ్ళీ మణికట్టు పట్టీలే గతి. పచ్చిదైతే విడిపోతుంది. అలా విడిపోతే తన మాట నిలుస్తుంది. మూల కుర్చీలో తండ్రి కునుకుతున్నాడు.

"నాన్నా, ఒక్కసారి ఇటు విను," అంది.

గీసింది. చక్రం అంచు నుంచి అంచు దాకా ఎక్కడా తడబడకుండా పోయింది. ఆ చప్పుడు కొట్టంతా వినబడింది. పెద్దమేస్త్రీ కళ్ళు తెరిచాడు. ఆమె అద్దాన్ని అంచుకి జరిపి నొక్కింది. టక్కుమని రెండయింది. అంత చక్కటి కోత తను ఆసుపత్రి నుంచి వచ్చాక పడలేదు.

అదే సమయానికి తమ్ముడు హెడ్‌మాస్టరమ్మని వెంటబెట్టుకుని అద్దాలు చూపించడానికి లోపలికొచ్చాడు. ఆవిడకి కనబడింది ఇంతే: చేతికర్ర పక్కన పెట్టిన ఒక మనిషి, బడి కోసం సిద్ధం చేసిన అద్దాన్ని రెండు ముక్కలు చేసి నిలబడి ఉంది. తమ్ముడు గొంతు తగ్గించి, మా అక్క, ఆరోగ్యం బాగోదు, ఆ మధ్య కొన్నాళ్ళు అక్కడ ఉంచాల్సొచ్చింది అన్నాడు. ఆవిడ మొహం వెంటనే జాలితో మెత్తబడింది.

ఒక్కగీత అరవలేదు. అరిస్తే ఏమవుతుందో ఆమెకి చెప్పారు కదా. వీలైనంత నెమ్మదిగా, "మేడం, ఇది టఫెన్డ్ కాదు. అయితే ఇలా విడిపోదు. పిల్లలు ఆనుకుంటారు," అంది.

హెడ్‌మాస్టరమ్మకి అద్దాల సంగతి తెలీదు. అక్కని చూసింది, తమ్ముణ్ణి చూసింది, ఎవరి మాట వినాలో తేల్చుకోలేక మూల ఉన్న పెద్దాయన వైపు తిరిగింది. మీరు చెప్పండి, ఈ పని నేర్పినవారు మీరే అంటారు కదా అంది.

పెద్దమేస్త్రీ లేచాడు. బల్ల దగ్గరికొచ్చి విరిగిన అంచు మీద బొటనవేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించాడు. కొడుకు వైపు చూడలేదు. చూడక్కర్లేదు, ఆ కోత చప్పుడు ఆయన చెవిలో పడింది. కూతురు ఆయన మొహంలోకే చూస్తోంది. ఆయనకి అర్థమైందని ఆమెకి తెలిసిపోయింది, నేర్పినవాడే కదా. గట్టెక్కాననుకుంది.

"పొద్దున మాత్ర వేసుకున్నావా అమ్మా?" అన్నాడు పెద్దమేస్త్రీ.

ఆమె ఆయన్ని చూసింది. మొహం తండ్రిదే, గొంతూ తండ్రిదే. నువ్వు మా నాన్నవి కావన్న మాట ఈసారి పూర్తి తెలివితో నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపుకుంది. ఆ ఒక్క మాటతో మళ్ళీ మంచానికి కట్టేస్తారు.

"వేసుకున్నాను," అంది.

హెడ్‌మాస్టరమ్మ ఆమె భుజం నిమిరి, విశ్రాంతి తీసుకోమ్మా అని చెప్పి వెళ్ళింది. తమ్ముడు డాక్టరమ్మకి ఫోన్ చేసి అక్కకి అనుమానాలు మళ్ళీ మొదలయ్యాయని చెప్పాడు. తీసుకురమ్మంది, తీసుకెళ్ళాడు. పరీక్షలన్నీ చేసి ఏమీ లేదు, బాగానే ఉంది అంది డాక్టరమ్మ. మొదట్లోనూ ఏమీ కనబడలేదు కదండీ అన్నాడు తమ్ముడు. విరిగిన అద్దం బదులు ఇంకోటి కోయాల్సొస్తే, ఎన్నాళ్ళ తర్వాతో పెద్దమేస్త్రీ స్వయంగా కట్టర్ పట్టాడు. గీత ఒక్కటే గీశాడు. ముద్ర కొడుకు వేశాడు.

ఇప్పుడు ఆమె కోత పనికి వెళ్ళడం లేదు. సాయంత్రం బడి వదిలే వేళకి కర్ర పట్టుకుని గేటు దాకా వస్తుంది. వాచ్‌మన్ స్టూలు వేస్తాడు. మెట్ల వైపు చెవి పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. పిల్లలు తోసుకుంటూ, అద్దాల మీద వాలుతూ, అరచేతులు చరుస్తూ దిగుతారు. ఒక్కో చరుపుకీ ఆమె భుజాలు బిగుసుకుంటాయి. కడుపున ఒక్క కాయైనా కాయలేదు, పరాయి పిల్లల్ని చూసుకోవడానికి వస్తోంది పాపం అని తల్లులు చెప్పుకుంటారు. మొదట్లో ఒకరిద్దరు తల్లులతో ఆ అద్దాల గురించి ఏదో చెప్పబోయింది. వాళ్ళు పిల్లల్ని అవతలి పక్కకి మార్చుకుని నడిచారు.

చివరి పిల్ల దిగాక లేస్తుంది. స్టూలు తీస్తూ వాచ్‌మన్ రోజూ మర్యాదగానే అడుగుతాడు, మాత్ర వేసుకున్నావా అమ్మా అని. తమ్ముడు చెప్పి వెళ్ళాడట. వేసుకున్నాను అని చెప్పి ఇంటికి నడుస్తుంది.